ముందు చక్రం బిగువు

శ్రీరంగప్ప బండిని ఆపలేదు, బండే ఆగింది. సూళగిరి బస్‌స్టాపు దాటి మునెప్ప టీ అంగడి ముందుకు వచ్చేసరికి మోటారు సైకిలు మూలుగుతూ మొరాయించింది. ఎక్సిలేటరు తిప్పితే ఇంజను గొంతు చించుకుందే గాని, చక్రం ముందుకు జరగలేదు. శ్రీరంగప్ప దిగి, పళ్ళు కొరుకుతూ, బండిని రోడ్డు ఇవతలున్న రేకుల షెడ్డు దాకా తోసుకొచ్చాడు. దారిలో మునెప్ప బల్ల మీది నీళ్ళ గ్లాసు కూడా పట్టుకొచ్చి, ముందు చక్రం నడుమనున్న డ్రమ్ము మీద కుమ్మరించాడు. నీళ్ళు చుయ్యిమన్నాయి.

“ఇదేమి మారియప్పా? ఇది బండా, ఇడ్లీ పొయ్యా?”

మారియప్ప అప్పుడు ఇంకెవరి బండికో చైను ఎక్కిస్తున్నాడు. చేతులు గుడ్డకు తుడుచుకుని వచ్చి, డ్రమ్మును వేలి వెనుకతో తాకి చటుక్కున తీసేశాడు. బ్రేకు లైనింగు కాలిన వాసన ముక్కుకు తగిలింది.

“మొన్నే గదప్పా సరిచేసి ఇచ్చినా.”

“నేనూ అదే అడిగేది. సరిచేసినావు, మళ్ళా పట్టె. కేబులు మారిస్తివి, మళ్ళా పట్టె. స్ప్రింగులు మారిస్తివి, మళ్ళా పట్టె! ఈడనుంచి ఇంటికి పొయ్యేటప్పుడు గాలి మాదిరి పోతాది. పొద్దున డ్యూటీకి వచ్చేటప్పుడు రాయి మాదిరి బిగుసుకుంటాది. ఈ వారమంతా ఫస్టు షిఫ్టుకు లేటు. హోసూర్లో గేటు కాడనే నిలబెట్టి అడగతాండారు.”

టీ తాగేవాళ్ళు ఇటు తిరిగారు. వినేవాళ్ళు దొరికితే శ్రీరంగప్ప గొంతు తానుగా పెరుగుతుంది. వాడి తప్పు కాదు, ఫ్యాక్టరీలో మిషన్ల మధ్య అరిచి అరిచి అలవాటైన గొంతు.

“పనికి పని పుట్టిస్తాండావు నువ్వు! ఒకటి సరిచేసేది, ఇంకొకటి చెడగొట్టి పంపించేది. మళ్ళా ఈడికే రావాల గదా నేను!”

సూళగిరి వీధిలో మనిషిని తాగుబోతు అనొచ్చు, పిసినారి అనొచ్చు, సాయంత్రానికి ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగొచ్చు. పనివాణ్ణి పట్టుకుని ‘పనికి పని పుట్టిస్తావు’ అంటే మాత్రం ఆ మాట ఎన్ని నీళ్ళు పోసి కడిగినా పోదు. మారియప్పకు ఉన్నదేమిటి? ఒక రేకుల షెడ్డు, పనిముట్ల పెట్టె, షెడ్డు వెనక ఒక గది. పెండ్లాం లక్ష్మక్క చచ్చిపోయినప్పటి నుంచి ఆ గదిలో పలకరించే దిక్కు లేదు. ఇక మిగిలింది ‘మారియప్ప చేసినాడంటే చేసినాడే’ అన్న ఊరి మాట ఒక్కటే. అది కూడా పోతే వాడికి పొద్దున లేవడానికి కారణమే లేదు.

“బండి ఈడ పెట్టి బస్సుకు పో. రేపు తీసుకో,” అన్నాడు.

“రేపు కూడా పడితే?”

“పడితే నా షెడ్డు మూసేస్తా,” అన్నాడు మారియప్ప, అందరికీ వినబడేటట్టు.

ఆ సాయంత్రం చేతిలో ఉన్న మిగతా పనులన్నీ పక్కన పెట్టేశాడు. ఇంజను కింద రాయి పెట్టి ముందు చక్రాన్ని గాల్లోకి లేపాడు. చేత్తో తిప్పితే సగం చుట్టు తిరిగి ఠక్కున నిలిచింది. కేబులు చివరనున్న చిన్న నట్టు వదులు చేస్తే హాయిగా తిరిగింది. ఇంతకుముందు సార్లు ఒక్కో భాగమే మార్చి సరిపెట్టడం తన బుద్ధితక్కువ అనుకుని, ఈసారి మొత్తం విప్పాడు.

కేబులు ఊడదీసి, ఒక కొసను పైకెత్తి పట్టుకుని, నూనె చుక్క చుక్కగా పోశాడు. లోపలి తీగను లాగి వదిలితే ఎక్కడా పట్టకుండా జారింది. ఇరుసు లాగి చక్రం దించాడు. డ్రమ్ములోని రెండు అర్ధచంద్రాకారపు బ్రేకు షూలు కాలి కాలి అద్దంలా మెరుస్తున్నాయి. ఉప్పుకాగితంతో ఆ మెరుపు పోయేదాకా రుద్దాడు. షూలను విడదీసే కడ్డీని కిరసనాయిలులో కడిగి, గ్రీజు పలచగా రాశాడు. ఎక్కువ రాస్తే అది కరిగి లైనింగుకు అంటుతుంది, అదో గొడవ. డ్రమ్ము వంకర పోయిందేమోనని షూల నిండా సుద్దముక్క పూసి, బిగించి, తిప్పి, మళ్ళా విప్పి చూశాడు. సుద్ద అన్ని వైపులా సమంగా చెరిగింది. అంటే వంకరా లేదు.

తప్పు ఎక్కడా లేదు! తప్పు దొరికితే పనివాడికి పోయిన ప్రాణం తిరిగొస్తుంది. దొరక్కపోతేనే నరకం.

“చెప్పవే, ఏమైందో నోరు తెరిచి చెప్పు,” అన్నాడు.

“ఎవరితో మాట్లాడతాండావు మారియప్పా?” రోడ్డు అవతల బల్లలు ఎత్తిపెడుతూ అడిగాడు మునెప్ప.

“చక్రంతో.”

“బదులు చెప్తే నాకూ చెప్పు.”

ఇద్దరూ నవ్వుకున్నారు. మునెప్ప అంగడికి తడిక కట్టి, సంచి భుజాన వేసుకుని, పెండ్లాం పిల్లల దగ్గరికి వెళ్ళిపోయాడు. మారియప్ప నవ్వు కాసేపు వాడి ముఖాన అలాగే ఉండి, తర్వాత పోయింది.

చక్రం ఎక్కించి, బ్రేకు పిడి నొక్కి పట్టుకునే ఇరుసు బిగించాడు. అలా అయితే షూలు డ్రమ్ము నడిమధ్యన కూర్చుంటాయి. నట్టు సరిచేసి తిప్పితే చక్రం చుట్టూ చుట్టూ తిరిగి, నెమ్మదించి, ఉయ్యాలలా ఇటూ అటూ ఊగి ఆగింది. ఇంతకన్నా బాగా తిరిగే చక్రం జిల్లాలో ఉండదు. ఇది పొద్దుటికల్లా ఎలా బిగుసుకుంటుంది?

అప్పుడు తట్టింది. నంబరు ప్లేట్లు రాయగా మిగిలిన ఎర్రరంగు డబ్బా తీసి, పుల్లతో నట్టు మీది నుంచి దాని వెనకున్న మరచుట్ల మీదికి సన్నగా ఒక గీత గీశాడు. నట్టు కదిలితే గీత విరుగుతుంది. గీశాక మనసు కొంచెం చివుక్కుమంది. ఒకరి ఇంటి మీద అనుమానం గీసినట్టే కదా ఇది. అయినా గీత చెరపలేదు.

చీకటి పడకముందే పొయ్యి వెలిగించి సంగటి కెలికాడు. ఒక్కడికోసం సంగటి కెలకడమంత దిక్కుమాలిన పని ఇంకోటి లేదు. ఎంత తక్కువ పిండి పోసినా రెండు ముద్దలు అవుతుంది. రెండో ముద్దను చూస్తూ మొదటి ముద్ద తినాలి.

శ్రీరంగప్ప బండి తీసుకుపోయిన రెండో రోజు పొద్దున మళ్ళా తోసుకుంటూ వచ్చాడు. ఈసారి అరవలేదు. బండిని షెడ్డు ముందు స్టాండు వేసి, “మూసెయ్యి మరి,” అన్నాడంతే.

మారియప్ప వంగి చూశాడు. ఎర్రగీత విరిగింది. సగం మరచుట్ల మీద ఉంది, మిగతా సగం నట్టుతో పాటు అవతలి వైపుకు తిరిగిపోయింది. వాడి ఒళ్ళంతా సంతోషం పాకింది. పండగనాడు కూడా అంత సంతోషం ఎరగడు.

“మునెప్పా! రా! అందరూ రండప్పా, రండి!” అని కేకేశాడు. టీ తాగేవాళ్ళంతా గ్లాసులతో సహా వచ్చి చుట్టూ నిలబడ్డారు.

“చూడండి. నేను గీసిన గీత ఇది. ఇప్పుడు యాడుండాదో చూడండి. అదురుకు నట్టు వదులైతాదేగాని బిగుసుకోదు. ఎవరో చేత్తో తిప్పి బిగించినారు. నా పనిలో తప్పు లేదు.”

నట్టుకు ఒక పక్క కత్తి మొనతో నొక్కినట్టు సన్నటి గాటు, ఎదురు పక్క చదునైన రాపిడి ఉన్నాయి. స్పానరు గుర్తు అట్లా ఉండదు, కట్టింగు ప్లేయరుకు పళ్ళుంటాయి. ఇదేం పనిముట్టో వాడికి అంతుపట్టలేదు, ఆ సంతోషంలో పట్టించుకోనూ లేదు.

“యాడ తిప్పుతారు?” అన్నాడు శ్రీరంగప్ప. “ఫ్యాక్టరీ స్టాండు కాడ వాచ్‌మెన్ ఉంటాడు. సాయంత్రం ఇంటికి పొయ్యేటప్పుడు బాగనే ఉంటాది. పొద్దున లేసి…” అక్కడ ఆగాడు. ముఖం మారింది. “ఇంట్లో.”

“ఇంట్లో ఎవరప్పా?” అన్నాడు మునెప్ప. వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

“ఎవరుంటారు? మా అమ్మకు బండంటేనే భయం, దాపుకు రాదు. ఇంక ఉండేది రంగమ్మనే గదా. ‘హోసూర్లో కాపురం పెట్టు, ఈ తిరుగుడేల’ అని నెల దినాలుగా ప్రాణం తోడతాండాది.”

“అట్ల తొందరపడొద్దప్పా…” అన్నాడు మారియప్ప.

“నువ్వే గదా చేత్తో తిప్పినారంటివి!”

మారియప్ప నట్టు వదులు చేసి ఇచ్చాడు. శ్రీరంగప్ప కిక్కు కొట్టి హోసూరు వైపు పోయాడు. చుట్టూ నిలబడ్డవాళ్ళు ‘మారియప్ప అంటే మారియప్పనే’ అనుకుంటూ బల్లల దగ్గరికి వెళ్ళారు. మునెప్ప తానే టీ పట్టుకొచ్చి ఇచ్చాడు. ఆ రోజంతా మారియప్ప ఏదో కూనిరాగం తీస్తూనే ఉన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఎండ షెడ్డులోకి వచ్చే వేళకు ఒక ఆడమనిషి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పాతికేళ్ళుంటాయి. చేతిలో గుడ్డసంచి, చెంప మీద కమిలిన మచ్చ. మచ్చ కనబడకుండా కొంగు లాక్కుంది గాని కొంగు నిలవడం లేదు.

“మారియప్పంటే నువ్వేనా అన్నా?”

“నేనేనమ్మా.”

“నేను రంగమ్మను. శ్రీరంగప్ప పెండ్లాన్ని.”

మారియప్ప చేతిలోని స్పానరు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

“కెలమంగలం పోతాండాను, మా అమ్మోళ్ళింటికి. పొమ్మన్నాడు. రాయకోట మీద పొయ్యే బస్సు వచ్చేలోపల నిన్ను ఒకటి అడిగి పోదామని వచ్చినా.” ఆమె షెడ్డులోపలికి చూసింది. “ఆ నట్టు ఎట్లుంటాదో చూపించన్నా.”

“ఏమమ్మా?”

“దేనికి కొట్టించుకుంటినో చూడాల గదా. నేను ఆ బండి ఎక్కేది తప్ప దాంట్లో ఏది యాడుండాదో నాకు తెలీదు. వాడు ‘నట్టు తిప్పినావు, నట్టు తిప్పినావు’ అని కొడతాంటే, ఏ నట్టురా అని అడిగితిని. దానికి ఇంకో దెబ్బ.”

పక్కన ఇంకో బండి ఉంది. మారియప్ప దాని ముందు చక్రం దగ్గర కూర్చుని, కేబులు చివర వేలు పెట్టి చూపించాడు. రంగమ్మ కూడా గొంతుక్కూర్చుని చూసింది. శనగగింజకు కొంచెం పెద్దదిగా ఉంది అది.

“ఇంతేనా?” అంది.

“ఇంతేనమ్మా.”

ఆమె దాన్ని ముట్టుకోలేదు. చూస్తూ కూర్చుంది. కళ్ళలోంచి నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు. “నువ్వు నలుగురినీ పిలిచి చూపించినావంట గదన్నా. వాడు నలుగురి ముందర తల వంచుకోవాల్సొచ్చిందంట. ఆ కోపమే ఎక్కువ ఉండాది వాడికి.” అంతే అంది. నిందగా కూడా అనలేదు. బస్సు హారను వినబడితే సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

మారియప్ప ఆ బండి దగ్గరే చాలాసేపు కూర్చున్నాడు. ఎంత సంబరంగా పిలిచాడు అందరినీ! మునెప్పా రా, అందరూ రండప్పా రండి! తన పేరు దక్కించుకుందామనే ఆత్రంలో ఒక ఇంటి ఆడదాన్ని వీధిలోకి లాగాడు. సిగ్గుతో వాడికి ఒళ్ళు చచ్చిపోయింది. ఆమె కళ్ళు చూసినవాడెవడైనా చెబుతాడు, ఆ నట్టు ఆమె తిప్పలేదు. మరెవరు తిప్పారు?

ఆదివారం పొద్దున ఒక స్పానరు జేబులో వేసుకుని, చేతిసంచి తగిలించుకుని, శ్రీరంగప్ప ఊరు గురుబరపల్లికి బస్సెక్కాడు. మార్గశిరపు చలి ఇంకా వదలలేదు. దారిలో మేలుమలై కొండ దిగుడులో బస్సు బ్రేకులు కీచుమంటుంటే వాడి చెవి అటే పోయింది. అలవాటు, ఏం చేస్తాం.

శ్రీరంగప్ప ఇల్లు ఊరి చివర చేలగట్టున ఉంది. పక్కన బోదగడ్డి కప్పిన చావిట్లో, ఒకప్పుడు ఎద్దులబండి నిలిపిన చోట, ఇప్పుడు మోటారు సైకిలు ఉంది. అరుగు మీద అతని తల్లి కెంచమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. పక్కన తమలపాకుల తట్ట, ఒళ్ళో చిక్కుడులాంటి అనపకాయల చేట.

“ఎవరప్పా?”

“సూళగిరి మెకానిక్కునమ్మా, మారియప్ప. శ్రీరంగప్ప ఉండాడా?”

“గడ్డికి పోయినాడు, వస్తాడు. కూర్చో. ఆకు వక్క వేసుకుంటావా?” అంటూ ఆమె అడకత్తెర తీసింది. మాట్లాడే మనిషి దొరికాడని ఆమె గొంతే చెప్తోంది. “కోడలు లేదు, అమ్మోళ్ళింటికి పోయింది. ఈడు మాట్లాడడు. సుమ్మనే గోడలు చూసుకోని కూర్చుంటాండాను.”

వక్క అడకత్తెరలో పెట్టింది. పైన పదునైన అలుగు, కింద చదునైన దిమ్మ. మారియప్ప దాన్నే చూశాడు. అలుగు నడుమ చిన్న నొక్కు పడి ఉంది. దిమ్మ మీద ఇనుము కొత్తగా రాసుకున్న తెల్లటి గీతలు ఉన్నాయి. ఒక పక్క గాటు, ఎదురు పక్క రాపిడి. నట్టు మీది గుర్తులూ అవే.

“అమ్మా,” అన్నాడు నిదానంగా, “బండి నట్టు దీంతో తిప్పినావా?”

కెంచమ్మ ఏమాత్రం తడుముకోలేదు. సరిగ్గా అడిగావన్నట్టు తలాడించింది.

“ఊను. నేనే తిప్పినా. కోడి కూసే పొద్దుకు లేసి రవంత రవంత బిగిస్తిని. వాడే ఒగ దినం అది తిప్పుతా ‘బ్రేకు బిగించినా, ఇంక బండి బాగా నిలబడతాది’ అనె. చూసి నేర్చుకుంటిని.”

“దేనికమ్మా?”

“దేనికేమప్పా? బిగిస్తే బండి నిదానంగా పోతాది గదా! వాడు లారీల నడమ ఎట్ల పోతాడో చూసినావా? చెప్తే వింటాడా? మేలుమలై దిగేటప్పుడు బండికి బ్రేకుకట్టె గట్టిగా బిగించాల. బిగించినోడు ఇల్లు చేరతాడు. వీళ్ళ నాయన ఆపొద్దు బిగించలేదు. ఎద్దుల మీదికి బండి, బండి మీదికి మూటలు. నాకు తెలీదా?” చెప్తూనే వక్క కత్తిరించింది. “ఈ కొత్త బండ్లకు కట్టె లేదు. నట్టు ఉండాది.”

మారియప్ప తల పట్టుకున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎద్దులబండికి ఆమె చెప్పింది అక్షరాలా నిజం. బిగువైన చక్రం ఈడ్చుకుంటూ నిదానంగా దిగుతుంది. రెండు చక్రాల బండికి అదే యమపాశం.

“లేయమ్మా. ఒకటి చూపిస్తా రా.”

చావిట్లోకి తీసుకుపోయి, బండి స్టాండు తీసి, హ్యాండిలు తాను పట్టుకున్నాడు. “నువ్వు వెనక నుంచి తొయ్యి. బలంగా తొయ్యమ్మా.” ఆమె కొంగు నడుముకు చుట్టి తోసింది. బండి కదిలి కొంచెం ఊపందుకోగానే మారియప్ప ముందు బ్రేకు గట్టిగా నొక్కాడు. బండి మూతి నేలకు కుంగింది, వెనక చక్రం లేచింది, కెంచమ్మ తూలి సీటు మీద పడింది.

“అయ్యో నాయనా!”

“ఇద్దరం నడిచే వేగానికే ఇట్లయితే, వాడు మేలుమలై దిగతా ఉంటే? డ్రమ్ము వేడెక్కేకొద్దీ ఇంకా పడతాది. చక్రం ఒక్కసారి బిగుసుకునిందంటే వాడు హ్యాండిలు మీదినుంచి ఎగిరి ముందుకు పడతాడు. వెనక లారీ ఉంటాది. నువ్వు బిగించింది బండిని గాదమ్మా, వాడి గొంతుకు.”

కెంచమ్మ సీటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నోట్లో ఆకు నమలడం ఆగింది. “దినామూ బిగిస్తినే,” అంది. “దినామూ మొక్కి బిగిస్తినే దేవుడా!”

“దీనికే గదమ్మా రంగమ్మను కొట్టి పంపించింది?”

“దీనికా?” ఆమె తలెత్తింది. “హోసూరు కాపురానికని అనుకుంటిని గదప్పా. వాడు అరిస్తే నేను గడప దాటి రాను. దీనికా కొట్టినాడు?”

అప్పుడే గడ్డిమోపుతో శ్రీరంగప్ప వచ్చాడు. మోపు పడేసి, చేతిలో కొడవలితోనే నిలబడి, “ఏమి, ఇంటికే వచ్చినావు?” అన్నాడు.

మారియప్ప కెంచమ్మ వైపు చూశాడు. ఆమె చెప్తుందని ఎదురు చూశాడు. చెప్పాలి కదా, ఒక్క మాటే కదా. కెంచమ్మ కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. రెండో చేత్తో అడకత్తెరను మెల్లగా నడుములో దోపుకుంది. శ్రీరంగప్ప కొడవలి గోడకు గుచ్చి, “చెప్పు,” అన్నాడు.

ఇక మారియప్పే నోరు తెరిచాడు.

“తప్పు నాదే శ్రీరంగప్పా. గీత గీసినాక నేనే మళ్ళా నట్టు తిప్పి బిగించినా. మరిచిపోయినా. వేడికి ఇంకా పట్టింది. మీ ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు. అది చెప్పిపోదామనే వచ్చినా.”

ఏ మెకానిక్కు విన్నా పగలబడి నవ్వే అబద్ధం. సాయంత్రం గాలిలా పోయిన బండి పొద్దుటికి బిగుసుకోవడం దీంట్లో ఎక్కడ అతుకుతుంది? శ్రీరంగప్పకు అది తట్టలేదు. వాడి ముఖంలో మొదట భయం కనబడింది, చెయ్యి చేసుకున్నవాడి భయం. తర్వాత ఆ భయమంతా కోపమైపోయింది, మోయడానికి అదే సులువు మరి.

“నీ మాట నమ్మి నేను ఆ యమ్మిని కొట్టినా గదరా!” మారియప్ప చొక్కా పట్టుకుని గుంజాడు. ఒక గుండీ తెగింది. “నలుగురిలో నా మానం తీస్తివి. సంసారం తీస్తివి. ఇంక నా బండి మీద చెయ్యి వేస్తే విరిచేస్తా. ఊరూరా చెప్తా నీ పనితనం!”

“చెప్పుకో. ముందు పోయి ఆయమ్మను పిల్చుకోని రా,” అన్నాడు మారియప్ప. జేబులోంచి స్పానరు తీసి, నట్టు వదులు చేసి, చక్రం తిప్పి చూశాడు. అది తిరిగింది. శ్రీరంగప్ప విరిచేస్తానన్నవాడు చూస్తూ ఊరుకున్నాడు.

బస్‌స్టాపులో నిలబడి ఉంటే వెనక నుంచి ఆయాసం వినబడింది. కెంచమ్మ ఒడి నిండా అనపకాయలు పోసుకుని వచ్చింది. వాడి చేతిసంచి లాక్కుని అందులో కుమ్మరించింది.

“వాడు కెలమంగలం పొయ్యేదానికి చొక్కా వేసుకుంటాండాడు,” అంది.

“మంచిదమ్మా.”

“నోరు రాలేదప్పా. నేనని తెలిస్తే వాడు నా చేతి కూడు ముట్టడు. నాకు ఇంకెవరుండారు?”

“తెలుసు లేమ్మా.”

“నీ పెండ్లాము వండిపెడతాది గదా ఇవి? గింజలు పితికి, పులుసు చెయ్యమను.”

“లేదమ్మా. పోయి రెండేండ్లాయె.”

కెంచమ్మ సంచి మూతి ముడి వేసి వాడి చేతికిచ్చింది. బస్సు వచ్చేదాకా వాడి పక్కనే నిలబడింది. బస్సెక్కేటప్పుడు మాత్రం, “ఇంక ముట్టను. ఆ బండి మీద ఆన,” అంది.

శ్రీరంగప్ప అన్నంత పనీ చేశాడు. ఊరూరా చెప్పాడు. రోజూ వచ్చే బండ్లు రెండు మూడు రావడం మానేశాయి. మానని వాళ్ళు కూడా పని అయ్యాక పక్కనే నిలబడి, “సరిగ్గా బిగించినావా మారియప్పా, ఇంకోసారి చూడు,” అనసాగారు. ఇంకోసారి చూసేవాడు. ఒక మనిషి అయితే, వాడి కళ్ళ ముందే స్పానరు అడిగి తీసుకుని తానే బిగించుకున్నాడు. ఆ రోజు మారియప్పకు అన్నం సయించలేదు.

అనపకాయలు వలిచి, గింజలు నానబెట్టి, పొట్టు పోయేలా పితికి పులుసు చేశాడు. బాగానే కుదిరింది. బాగుందని చెప్పడానికి ఎవరూ లేరు. మిగిలింది మర్నాడూ తిన్నాడు.

పండగ వెళ్ళి చలి తగ్గుతున్న రోజుల్లో ఒక పొద్దున, మునెప్ప అంగడి దగ్గర టీ తాగుతుంటే మారియప్ప చెవులు నిక్కబొడుచుకున్నాయి. గురుబరపల్లి వైపు నుంచి వచ్చే ఆ ఇంజను చప్పుడు వాడికి తెలుసు. ముందు చక్రం రాపిడి ఏమాత్రం లేదు. బండి వచ్చి అంగడి ముందునుంచి పోయింది. వెనక సీటు మీద రంగమ్మ ఉంది, ఒళ్ళో ట్రంకుపెట్టె, దాని మీద చుట్టిన చాప. హోసూర్లో కాపురం పెడుతున్నారన్నమాట.

శ్రీరంగప్ప అటు చూడలేదు. రంగమ్మ చూసింది. నట్టు చూపించమని అడిగిన నాటి చూపు కాదది. తన చెంప కమలడానికి ఎవడి మతిమరుపు కారణమో ఆమెకు ఇప్పుడు తెలుసు కదా. బండి మలుపు తిరిగేదాకా ఆమె చూపు వాడి మీదే ఉంది. మారియప్ప తలదించుకున్నాడు. ‘నేను కాదమ్మా’ అని అరవాలనిపించింది. అరిస్తే, మరి ఎవరని అడుగుతుంది.

“చూసినావా ఎట్ల పోతాందో!” అన్నాడు మునెప్ప, టీ ఎత్తి పోస్తూ. “క్రిష్ణగిరిలో ఎవరో మేస్త్రికి చూపించినాడంట. ఆయప్ప ఏమీ విప్పలేదంట, మార్చలేదంట. చక్రం ఒకసారి తిప్పి చూసి, బాగుండాది పో అన్నాడంట. అంతే! ఆపొద్దు నుంచి ఒక్కసారన్నా పట్టలేదంట మారియప్పా.”

బల్ల మీది వాళ్ళంతా వీడేమంటాడోనని చూశారు. మారియప్ప గ్లాసు అడుగున మిగిలిన టీ తాగేశాడు.

“కొందరి హస్తవాసి అట్లాంటిది మునెప్పా,” అన్నాడు. గ్లాసు తానే కడిగి బల్ల మీద బోర్లించి, రోడ్డు దాటి షెడ్డులోకి వెళ్ళిపోయాడు.